సున్నం గీతకి ఇవతల

దాలినాయుడు మేనేజరయ్యాక చేసిన మొదటి పని
నన్ను టీములోంచి తీసెయ్యడం.

పద్నాలుగేళ్లు నా ముందు ఆడినవాడు.
నా గోలుకీ లోకానికీ మధ్య
వాడి వీపు మీద ఐదో నెంబరు
ఉతికి ఉతికి సగం చెరిగిపోయి ఉండేది.
ఆ వీపునే నేను చదువుకున్నాను:
ఎడమ భుజం వాలితే బంతి ఎడమకి,
మెడ గోక్కున్నాడంటే
ఇక కార్నర్ ఇచ్చేస్తాడని.

రాయగడ కాగితం మిల్లు టీమ్ మాది.
జెర్సీలు ఎంత ఉతికినా నానిన వెదురు కంపు.
తెలుగులో, ఒడియాలో, కువిలో తిట్టుకునేవాళ్లం,
బంతి మాత్రం ఈల వేసి అడిగేవాళ్లం.

వాళ్ల నాన్న బాయిలర్ మనిషి.
ఆ యంత్రం బిగించడానికొచ్చిన స్కాట్లాండు దొర ఒకడు
సాయంత్రాలు లుంగీ ఎగ్గట్టి కూలీలతో ఆడేవాడట,
"బంతిని నేల మీదే ఉంచండి,
ఆకాశంలో గోల్‌పోస్టుల్లేవు" అనేవాడట.
ఆ ఇంట్లో ఆస్తి అంటే ఆ ఒక్క మాటే.
దాలి దాన్ని పదిమందికీ పంచేశాడు.

జయపురం ఫైనల్లో, వానలో,
వాడి మోకాలు చెరుకుగడలా విరిగింది.
ఆ చప్పుడు నాకు వినిపించింది, రిఫరీకి వినిపించలేదు.
చేపల వ్యాన్‌లో పడుకోబెట్టి తెస్తుంటే
కళ్లు తెరిచి ఒక్కటే అడిగాడు:
"బంతి లోపలుందా, బయటికెళ్లిపోనాదా?"

ఆ తర్వాత గోడౌన్లో రీములు లెక్కపెట్టే పని.
చిరిగిన అట్టల వెనక
పదకొండు చుక్కలు, వాటి మధ్య బాణాలు.
ఏడేళ్ల అట్టలు.

మేనేజరైన మర్నాడు
స్టేషన్ వెనక టీ కొట్టుకి పిలిచాడు.
"ఆలీసం అయిపోతన్నావురా,
బంతి ఎలిపోయాక పడతన్నావు."
పద్నాలుగేళ్లురా, అన్నాను.
"అందుకే నానే చెప్తన్నాను.
నోటీసు బోర్డు చూసి తెలుసుకోకూడదని."
టీ డబ్బులు వాడే ఇచ్చాడు,
జీవితంలో మొదటిసారి.

నా చోట సిరిపతి హికక.
బిసంకటక్ కొండల కుర్రాడు, పంతొమ్మిదేళ్లు,
చెట్టు మీంచి విసిరిన పనసకాయల్ని
కింద నిలబడి పట్టిన చేతులు.
వాణ్ణి తిట్టుకోవడానికే వెళ్లాను మొదటి ఆటకి.
రెండో ఆటకి ఎందుకెళ్లానో
ఇంట్లో చెప్పలేకపోయాను.

ముళ్లకంచె వెనకనుంచి నేను చూసింది
ఎక్కువగా దాలినే.
సున్నం గీతకి బొటనవేళ్లు ఆనించి నిలబడేవాడు,
ఒక్క అంగుళం దాటేవాడు కాదు.
బంతి తన పాత చోటుకి వస్తే
ఆ చెడిన కాలు గాలిలో లేచి
ఏమీ తన్నకుండా దిగేది.
ఒకసారి బంతి దొర్లుకుంటూ సరిగ్గా వాడి పాదం దగ్గరికొచ్చింది.
వంగి, చేత్తో తీసి
కుర్రాడికి అందించాడు.
అప్పుడు నా కోపం ఎటుపోయిందో తెలీదు.

ఆ ఏడు అన్నీ ఓడాం. (నేనూ "ఓడాం" అంటున్నాను.)
ఎవడో చెప్పు విసిరాడు.
దాన్ని బెంచీ కింద పెట్టి
"రెండోదీ ఇసిరితే జతవుద్ది" అన్నాడు.
మరుసటేడు సగం గెలిచాం.
మూడో ఏడు కప్పు వచ్చింది,
ఆ నెలలోనే వాణ్ణి తీసేశారు కూడా.
ఫైనల్లో సెక్రటరీగారి అల్లుణ్ణి
బెంచీ మీద కూర్చోబెట్టినందుకు.
ఉత్తరం అందుకుని, వెలుతురుకెత్తి పట్టి
"నాసిరకం రీము" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆదివారాలు పాసింజరెక్కి కూనేరు వెళ్తాడట,
సరిహద్దు దాటి, బడి మైదానానికి,
ఇరవైమంది పిల్లలు, ఒకటే బంతి.
నిన్న నేనూ వెళ్లాను.
సంచిలో పాత గ్లవ్స్ ఉన్నాయి, ఊరికే.
వాడు వంగి, డబ్బాతో గీత పోస్తున్నాడు,
ఎప్పట్లాగే కొంచెం వంకరగా.
తల కూడా ఎత్తలేదు.

"ఏటిరా, ఇంత ఆలీసం?"